గ్రూపులో రాజకీయం రాజుకుంటే: ఏ మాట ఉంచాలి, ఏ మాట తీయాలి

ఒడిశా ఏర్పడిన రోజు, ఏప్రిల్ 1, దగ్గరపడుతోందంటే ఆ రాష్ట్రంలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. పొద్దున్నే ఒకరు ఉత్కళ దినోత్సవ శుభాకాంక్షలు పెడతారు. పది నిమిషాల్లో ఇంకొకరు, 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలవడం ఇష్టంలేక గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారని గుర్తుచేస్తారు. మూడో ఆయన, "అయితే మీరూ వెళ్ళిపోండి, సరిహద్దు అవతల పాతపట్నం ఎంత దూరం గనక" అంటాడు. మధ్యాహ్నానికి రెండు వందల మెసేజ్‌లు. అడ్మిన్ మీరు. అందులో ఏది ఉంచుతారు, ఏది తీస్తారు?

నేను ఈ పనిలో ఆరేళ్ళుగా ఉన్నాను. మొదట్లో తిట్టు కనిపిస్తే తీసేసేవాణ్ణి, తిట్టు లేకపోతే వదిలేసేవాణ్ణి. దాంతో కోపంగా నిజం చెప్పినవాళ్ళు బయటికి పోయారు, నవ్వుతూ విషం చిమ్మినవాళ్ళు లోపల మిగిలారు. పైన చెప్పిన మూడు మెసేజ్‌లే చూడండి. మూడోదాంట్లో బూతు లేదు, "మీరు" అనే గౌరవం కూడా ఉంది. అయినా తీయవలసింది అదే. మొదటి రెండింటికీ ఎవరైనా జవాబు చెప్పుకోవచ్చు. మూడోది మాత్రం ఈ ఊళ్ళో మీకు మాట్లాడే హక్కు లేదు పొమ్మంటోంది. దానికి ఏం జవాబు చెప్పాలి?

నేను వాడే కొలత ఇదొక్కటే: ఈ మాట తర్వాత ఎదుటి మనిషికి జవాబు చెప్పుకోవడానికి చోటు మిగిలిందా, లేదా? దీన్ని ఎలా వాడాలో ఒక్కో మెట్టూ చెబుతాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు గ్రూపులు నడిపేవాళ్ళకి కూడా సరిపోతుంది.

ముందు తగాదా ఏమిటో తెలుసుకోండి

విషయం తెలియని అడ్మిన్‌కి ప్రతి వాస్తవమూ రెచ్చగొట్టినట్టే కనిపిస్తుంది. కొటియా సంగతే తీసుకోండి. కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపు, అవతల సాలూరు మండలం వైపు, మధ్యలో 21 ఊళ్ళు. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2006లో కోర్టు ఈ తగాదా తాను తేల్చేది కాదంది, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ కొన్ని ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది.

ఇంతవరకూ తెలిస్తే చాలు, మెసేజ్‌లు వాటంతటవే విడిపోతాయి. "2021లో ఎన్నికలు పెట్టడమంటే కోర్టు మాట దాటడమే" అన్నది అభిప్రాయం. కాదనేవాళ్ళు కాదనొచ్చు, ఉంచండి. "అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్, ఓటరు కార్డులూ ఉన్నాయి" అన్నది సమాచారం, అదీ ఉంచండి. "రెండు కంచాల్లో తినే జాతి" అన్నది ఆ ఊళ్ళవాళ్ళందరి మీదా వేసిన ముద్ర. కార్డులు రెండు ఎందుకున్నాయో వాళ్ళు చెప్పుకునే వీలే అందులో లేదు.

వంశధార నీళ్ళ సంగతీ ఇంతే. ఈ రెండు రాష్ట్రాల నీటి తగాదాకే 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది ఆంధ్రప్రదేశ్ నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని చెప్పింది. కాశీనగర్ వైపు పొలం ఉన్న మనిషి "ట్రిబ్యునల్ గాడిదగుడ్డు చెప్పింది, మా భూములు మునిగితే ఎవడిస్తాడు" అని రాశాడనుకోండి. భాష మొరటుగానే ఉంది, కానీ అడిగిన ప్రశ్న అసలు సిసలైనది. దీన్ని తీసేస్తే తప్పు మీదే.

మాట ఎవరికి తగులుతోందో చూడండి

ప్రభుత్వాన్ని, పార్టీని, పథకాన్ని, తీర్పుని ఎంత గట్టిగా విమర్శించినా సరే. నాయకుడు చేసిన పనిని తిట్టినా సరే. నాయకుడి ఇంటి ఆడవాళ్ళ జోలికి వెళితే తీసేయండి, దీనికి రెండో ఆలోచన వద్దు. గ్రూపులోనే ఉన్న మనిషి మీదికి వెళితే జాగ్రత్తగా చూడండి. ఒక కులం, ఒక భాష, ఒక ఊరు మొత్తం మీదికి వెళితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే దెబ్బ తగిలినవాళ్ళలో సగంమంది నోరెత్తరు.

మా గజపతి జిల్లాలో సవర గిరిజనులు ఎక్కువ. మన గ్రూపుల్లో "కొండోళ్ళకేటి తెలుసు" అన్న మాట ఉప్పు వేసినంత తేలిగ్గా పడిపోతుంది. ఆ మాట పడ్డప్పుడు గ్రూపులో ఇద్దరు ముగ్గురు సవర కుర్రాళ్ళు మౌనంగా చదువుతూ ఉంటారు. పంతులుగారి పేరు చెప్పుకుని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసే మనం, ఆయన ఆ సవర భాషకే నిఘంటువు, వ్యాకరణం రాశారని మరిచిపోతాం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా అని వదిలేయకండి. ఇలాంటి చోట ఫిర్యాదు రాదు, ఆ మనిషి గ్రూపులోంచి వెళ్ళిపోతాడు, అంతే.

కోర్టుల విషయంలో ఒక గీత ఉంది. "తీర్పు తప్పు", "ఈ కారణంతో తప్పు" అనడం మర్యాద లోపలే ఉంది, చట్టం లోపల కూడా ఉంది. తేలిపోయిన కేసు మీద న్యాయంగా చేసే విమర్శ ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది. "జడ్జి డబ్బు తిన్నాడు" అనడం వేరు. అది తీర్పు మీద మాట కాదు, మనిషి మీద నింద. ఆధారం అడగండి. లేకపోతే తీసేయండి.

మన యాస తెలియనివాడి కళ్ళతో చూడకండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానిస్తాను.

మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ఒక పెద్దాయన ఇంకొకాయనకి, "ఎర్రి బాబూ, ఏటి రాసినావో నువ్వే ఓపాలి చదువుకో" అని రాశారు. అప్పట్లో మాతో ఉన్న ఇంకో అడ్మిన్ గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి. వెర్రివాడంటున్నారు, నువ్వంటున్నారు, తీసేద్దామన్నారు. నేనూ సరేనని తీసేశాను. సాయంత్రం ఆ తిట్టు తిన్నాయనే ఫోన్ చేశారు. "మా మేనమామ మెసేజ్ ఎందుకు తీసేసినావు బాబూ?" అని.

మన దగ్గర "గుంటడు" అంటే కుర్రాడు, అంతే. "ఆ గుంటడు బాగా చెప్పినాడు" అంటే మెచ్చుకోలు. అదే "ఆ గుంటడికేటి తెలుసు" అంటే వయసు చూపించి నోరు మూయించడం. మాట ఒకటే, పని వేరు. "నువ్వు" కూడా అంతే. ఒకే ఈడువాళ్ళు ఎప్పుడూ నువ్వు అనుకునేవాళ్ళే అయితే అందులో ఏమీ లేదు. పది రోజులుగా "మీరు" అంటున్న మనిషి ఉన్నట్టుండి "నువ్వు"లోకి దిగాడంటే, గొడవ అక్కడ మొదలైందని గుర్తు. తిరగబడ్డ పద్ధతి కూడా ఉంది: రోజూ "ఒరేయ్" అనుకునే స్నేహితులు ఒక్కసారిగా "తమరు", "గారు" అంటున్నారంటే పరిస్థితి బాగా చెడిందన్నమాట. "మేధావిగారూ", "మహానుభావా", చివర దండం బొమ్మ. నిఘంటువులో ఇవన్నీ మర్యాదలే, మన గ్రూపులో మాత్రం చెంపదెబ్బలు.

ఒడియా కలిసినప్పుడు ఇంకో చిక్కు. ఒడియాలో "తు", "తుమే", "ఆపణ" అని మూడు మెట్లున్నాయి. "తు" అమ్మతోనూ వాడతారు, దేవుడితోనూ వాడతారు, తగువులోనూ వాడతారు. తెలుగులో రాస్తూ రాస్తూ మధ్యలో ఒడియాలోకి మారి "తు" అన్నాడంటే అది ప్రేమో, తగువో పైన ఏం నడిచిందో చూస్తే గానీ తెలియదు. మీకు ఒడియా బాగా రాకపోతే వచ్చినవాళ్ళని అడగండి, ఊహించకండి. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. దీర్ఘం పోయి అర్థం మారిన మెసేజ్ మీద మా గ్రూపులో రెండు రోజులు మాటలు లేకుండా ఉన్నవాళ్ళున్నారు. అనుమానం వస్తే తీయడానికి ముందు "ఇది ఎలా చదవాలి?" అని రాసినవాళ్ళనే అడగండి.

వాయిస్ మెసేజ్ అయితే పూర్తిగా వినండి. గొంతులో నవ్వుందా, ఉక్రోషం ఉందా తెలుస్తుంది. ఎవరో రాసిపెట్టిన సారాంశం చూసి నిర్ణయించకండి.

పైకి పది మెసేజ్‌లు చదవండి

ఒంటరిగా తీసిన ఏ వాక్యమైనా అన్యాయంగానే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ పంపి "వీణ్ణి తీసేయండి" అనేవాళ్ళు చాలాసార్లు తమ మెసేజ్‌ని కత్తిరించి పంపుతారు. గ్రూపులోకి వెళ్ళి పైనుంచి చదవండి. మొదట ఎవరు విషయం వదిలి మనిషి మీదికి వెళ్ళారో వెతకండి. ఇద్దరివీ తీయవలసి వస్తే ఇద్దరివీ ఒకే నిమిషంలో తీయండి. ముందు ఒకరిది తీసి, భోజనం చేసి వచ్చి రెండోది తీస్తే, ఆ అరగంటలో మీరు ఏ పార్టీవారో ఊరంతా తేల్చేస్తుంది.

"నేను రాయలేదండీ, ఫార్వర్డ్ చేశానంతే" అన్న జవాబు ఒప్పుకోకండి. ఇక్కడికి మోసుకొచ్చింది ఎవరైతే మాట వాళ్ళదే.

తిట్టుని విడగొట్టి చూడటం కూడా నేర్చుకోవాలి. 2014లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక స్థానిక పత్రిక వార్తల కింద మూడు వారాల్లో వచ్చిన ఆరువేలకు పైగా వ్యాఖ్యలు చదివి, అమర్యాదని ఐదు రకాలుగా విడగొట్టారు: మనిషిని తిట్టుపేర్లతో పిలవడం, ఆలోచనని లేదా పథకాన్ని చులకన చేయడం, అబద్ధాలకోరు అనడం, బూతు, ఎదుటివాళ్ళు మాట్లాడే తీరుని వెక్కిరించడం. ఐదింట్లో ఒకటికి పైగా వ్యాఖ్యల్లో వీటిలో ఏదో ఒకటి కనిపించింది. వాళ్ళ లెక్కలో నాకు నచ్చింది ఇంకొకటి. తరచుగా రాసేవాళ్ళ కన్నా ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ళే ఎక్కువ అమర్యాదగా రాశారట. మా గ్రూపులోనూ అంతే. రోజూ కొట్టుకునే ఇద్దరు ముసలాళ్ళతో నాకు ఏ ఇబ్బందీ లేదు, ఎన్నికలప్పుడు మాత్రమే మేలుకునేవాళ్ళతోనే నిద్ర పట్టదు.

ఆ ఐదులో రెండోదాన్ని నేను అమర్యాద కింద వేయను. "ఇది పనికిమాలిన పథకం" అనడం మన రచ్చబండ మీద ఎప్పటినుంచో ఉన్న హక్కు. ఐదోది మాత్రం మా పట్టికలో పైకి వచ్చింది. "తెలుగు రాయడం రాదు గానీ నీళ్ళ గురించి చెబుతాడు" అనే రకం. ఇక్కడ మన పిల్లలు ఒడియా బడుల్లో చదివారు. వాళ్ళ గుణింతాలు తప్పుతాయి. ఆ మాట పడితే ఆ పిల్లలు మళ్ళీ తెలుగులో రాయరు.

చట్టం గీత ఎక్కడుందో తెలిసి ఉండాలి

మర్యాద వేరు, నేరం వేరు. "66ఏ కింద కేసు పెట్టిస్తా" అని ఇప్పటికీ బెదిరించేవాళ్ళున్నారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఆ తీర్పులో పనికొచ్చే విభజన ఒకటుంది: చర్చించడం, ఒక పక్షాన గట్టిగా వాదించడం, రెచ్చగొట్టడం. మొదటి రెండూ ఎదుటివాళ్ళకి ఎంత నచ్చకపోయినా వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తాయి. మూడోదాని దగ్గరే చట్టం అడ్డుపడుతుంది. మన గ్రూపులకి కూడా ఈ మెట్లు చక్కగా సరిపోతాయి.

2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితలో మీరు గుర్తుంచుకోవలసినవి మూడు: వర్గాల మధ్య వైరం రెచ్చగొడితే 196, బెదిరిస్తే 351, పరువు తీస్తే 356. వీటికి తోడు కులం పేరుతో పదిమందిలో దూషించడం మీద 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. "రేపు మహేంద్రతనయ ఒడ్డున కనిపించు, చూసుకుందాం" అన్నది జోకా, బెదిరింపా అని చర్చించకండి. తీసేయండి, తీసేముందు స్క్రీన్‌షాట్ దాచండి, ఆ ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేయండి.

సభ్యుడి మెసేజ్‌కి అడ్మిన్ జైలుకి పోతాడా అని అందరూ అడుగుతారు. అడ్మిన్ అయినంత మాత్రాన వేరేవాళ్ళు పెట్టినదానికి నేరస్తుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది, 2022లో కేరళ హైకోర్టు కూడా అలాగే చెప్పింది. అడ్మిన్, ఆ సభ్యుడు కలిసి పన్నిన పని అయితే వేరు. అవి వేరే రాష్ట్రాల హైకోర్టులు, కాబట్టి పూర్తిగా కాళ్ళు చాపుకుని కూర్చోకండి.

ఒక్కరే తీర్పు చెప్పకండి

మాకు రెండో అడ్మిన్‌గా ఇప్పుడొక టీచరుగారున్నారు. నేను ఓటేసే పార్టీకి ఆవిడ వేయరు, ఆవిడని పెట్టుకున్నది అందుకే. నెలకోసారి పాత మెసేజ్‌లు నలభై తీసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా "ఉంచాలి", "తీయాలి" అని గుర్తు పెట్టుకుంటాం. తర్వాత పోల్చుకుంటాం.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. నలభైలో ఇద్దరూ చెరో ఎనిమిదింటికి "తీయాలి" పెట్టారనుకోండి. ముప్ఫై నాలుగు చోట్ల ఇద్దరి గుర్తూ ఒకటే అయింది. 85 శాతం! భలే కుదిరిందనిపిస్తుంది. కానీ ఇద్దరూ కళ్ళు మూసుకుని చెరో ఎనిమిది గుర్తులు పెట్టినా, ఎక్కువ "ఉంచాలి"లే కాబట్టి సుమారు 68 శాతం ఎలాగూ కలుస్తాయి. అంటే గుడ్డిగా పెట్టినదానికి పైన మీరు సంపాదించింది 17 (85లో 68 పోగా), సంపాదించడానికి ఉన్నది 32 (నూటిలో 68 పోగా). పదిహేడుని ముప్ఫై రెండుతో భాగిస్తే 0.53. ఇద్దరి తీర్పులు నిజంగా ఎంత కలిశాయో కొలవడానికి జేకబ్ కోహెన్ అనే ఆయన 1960లో చెప్పిన కప్పా లెక్క ఇదే. సగం దాటారు, అంతే. మిగిలిన ఆరు మెసేజ్‌లూ ఎందుకు కలవలేదో టీ తాగుతూ మాట్లాడుకోండి. మాకు తేడా వచ్చేది ఎప్పుడూ వెటకారం దగ్గరే. బూతు దగ్గర ఏనాడూ తేడా రాలేదు.

తీసేటప్పుడు ఎలా చెప్పాలి

గ్రూపులో అందరి ముందూ మందలించకండి. ఆ మనిషికే విడిగా రాయండి, ఏ వాక్యమో చూపించండి, ఏది ఉంచుతున్నారో ముందు చెప్పండి. నేను ఇలా రాస్తాను: "మావయ్యగారూ, నేరడి గురించి మీరు రాసినదంతా ఉండాలి, చదవాల్సిన సంగతే. చివర 'నీళ్ళ దొంగలు' అన్నచోట అవతలి ఊరి మన చుట్టాలు కూడా ఉన్నారు కదండీ. ఆ ఒక్కటీ మార్చి పెట్టగలరా?" మెసేజ్ పెట్టి పదిహేను నిమిషాలు దాటకపోతే వాళ్ళే ఎడిట్ చేసుకోవచ్చు. దాటిపోతే మీరు అందరికీ డిలీట్ చేసి, మార్చినది మళ్ళీ పెట్టమనండి. పదిమందిలో తొమ్మిదిమంది మారుస్తారు. పదో ఆయన మీకు రాజకీయ పాఠం చెబుతారు, వినండి.

రాత్రి పదిన్నర దాటాక వేడి ఎక్కితే అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చి పడుకోండి. ఎందుకు మూశారో, పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారో ఒక వాక్యం రాసి మూయండి. చెప్పకుండా మూస్తే పొద్దున్నకి మీ మీదే ఇంకో గ్రూపు పుడుతుంది. మాకు పుట్టింది.

అన్నీ తేలవు. మొన్న కొటియా వార్త ఏదో వస్తే ఒకాయన ఇలా రాశారు: "ఈ కేసు మా తాత చూసినాడు, మా అయ్య చూసినాడు, నాను చూస్తన్నాను. కోర్టు తేల్చనిది మీరు రెండు నిమిషాల్లో తేల్చేసినారు, దండాలు బాబూ." నేను వెటకారం, తీద్దామన్నాను. టీచరుగారు అది వెటకారం కాదు, విసుగు, ఉంచుదామన్నారు. ఉంచాం. కింద ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. అంతకుముందు దాకా గట్టిగా వాదిస్తున్న కుర్రాడు మాత్రం ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. వాడికి ఇంకా ఫోన్ చేయలేదు, ఈ ఆదివారం చేయాలి.